వికటకవిని పైథాన్ ఒప్పుకోలేదు

(మొన్న ఆదివారం లైబ్రరీ హాల్లో హైస్కూల్ పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు, టీచర్ల ముందు మాట్లాడింది ఇది. రానివాళ్ళు అడిగారని ఫోన్ రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనకున్నవాళ్ళు ముందుకి రండమ్మా, ఫ్యాన్ కింద కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. నాకు మైకు అలవాటు లేదు, గట్టిగా మాట్లాడతాను, వినబడకపోతే చెయ్యెత్తండి.

పిల్లలకి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ ఎలా నేర్పాలి, ఏ ప్రాజెక్టు తర్వాత ఏ ప్రాజెక్టు ఇవ్వాలి, దీని గురించి చెప్పమన్నారు. నేను ఉద్యోగంలో ప్రోగ్రాములు రాసినోణ్ణే గానీ పిల్లలకి చెప్పడం మాత్రం ఇక్కడికొచ్చాకే మొదలుపెట్టాను, ఆదివారాలు, ఇదే లైబ్రరీ వెనక గదిలో, ఐదు పాత కంప్యూటర్లు, అందులో ఒకటి దానికి ఇష్టమైనప్పుడే ఆన్ అవుతుంది. కాబట్టి నేను చెప్పేదంతా ఆ గదిలో దెబ్బలు తిని నేర్చుకున్నదే.

ముందు ఒక అబ్బాయి సంగతి చెప్తాను. తొమ్మిదో తరగతి. వేసవి సెలవల్లో ఎక్కడో కోర్సు చేసొచ్చాడు, సర్టిఫికెట్ ఉంది, ప్రాజెక్ట్ ఏంట్రా అంటే కెమెరా ముందు నిలబడితే మొహం గుర్తుపట్టే ప్రోగ్రాం సార్ అన్నాడు. చూపించాడు, పనిచేసింది కూడా, నా మొహం చుట్టూ ఆకుపచ్చ గీత పడింది. బాగుందిరా, ఆ గీత ఎర్రగా మార్చు అన్నాను. పావుగంట చూశాడు పాపం. మార్చలేకపోయాడు. వాడి తప్పేం లేదండీ. మూడో మెట్టు ఎక్కకుండా వాణ్ణి ఎత్తుకెళ్ళి మేడ మీద కూర్చోబెట్టారు, ఇప్పుడు దిగమంటే ఎలా దిగుతాడు?

అందుకే నా దగ్గర ఒకటే పద్ధతి. జవాబు పిల్లాడికి ముందే తెలిసిన ప్రాజెక్టులే ఇస్తాను. జవాబు తెలిస్తే ఇంక ప్రోగ్రాం ఎందుకండీ అని మొన్న ఒకాయన అడిగారు. అక్కడే ఉందండీ కిటుకంతా. కంప్యూటర్ తప్పు చెప్పినప్పుడు అది తప్పని పట్టుకోవాలంటే ఒప్పేదో మనకి తెలిసుండాలి కదా. ఎలా పట్టుకుంటారో ఒక్కోటీ చెప్తాను.

మొదటిరోజు ఎలాగూ ప్రింట్. తన పేరు తెర మీద చూసుకోవడం. పైథాన్ అంటే కొండచిలువ పేరు కాదని కూడా చెప్తాను, గీడో వాన్ రోసమ్ అని నెదర్లాండ్స్ ఆయన, ఆమ్‌స్టర్‌డామ్‌లో పనిచేసేవాడు, 1989 క్రిస్మస్ సెలవల్లో మొదలుపెట్టి 1991లో బయటికి ఇచ్చాడు, పేరేమో తనకిష్టమైన ఒక టీవీ కామెడీ షోది పెట్టుకున్నాడు. అంతకుముందు ఆయన ఏబీసీ అనే ఇంకో లాంగ్వేజ్ మీద పనిచేశాడు, అది కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం తయారుచేసింది, అందుకే పైథాన్‌లో ఆ తేలికదనం కనిపిస్తుంది. ఇంకో మాట, ఈ లైబ్రరీలోనే ఒక పాత పుస్తకం ఉంది, అందులో ప్రింట్ తర్వాత బ్రాకెట్ ఉండదు. అది పైథాన్ 2 నాటిది. 2008 చివర్లో పైథాన్ 3 వచ్చింది, 2020 జనవరి 1 నుంచి పాతదాని బాగోగులు చూడటం మానేశారు. ఆ పుస్తకం చూసి రాసిన పిల్లలకి మొదటి లైన్‌లోనే ఎర్ర అక్షరాలొస్తాయి, నాకు రాదులే అని లేచిపోతారు. లైబ్రేరియన్ గారూ, ఆ పుస్తకం మీద ఒక చీటీ అంటించండి సార్, పుణ్యముంటుంది.

ఎర్ర అక్షరాలంటే గుర్తొచ్చింది. ఎర్రర్ రాగానే పిల్లలు పైనుంచి చదువుతారు. పైనేమో ఫైల్ పేర్లు, లైన్ నంబర్లు, అంతా గందరగోళం. కిందనుంచి చదవండమ్మా. ఆఖరి లైన్‌లో ఉంటుంది అసలు సంగతి. నేమ్ ఎర్రర్ అంటే నువ్వన్న పేరు నాకు తెలీదు అని. ఇండెంటేషన్ ఎర్రర్ అంటే లోపలికి జరిపి రాయాల్సింది జరపలేదనో, ఒక్కో లైన్ ఒక్కోలా జరిపావనో. అది మిమ్మల్ని తిట్టడం కాదు, దారి చెప్తోంది. అసలు భయపడాల్సింది ఎర్రర్ రానప్పుడు.

ఎలాగంటారా? రెండో ప్రాజెక్ట్ ఎక్కాలు. పదమూడో ఎక్కం ప్రింట్ చెయ్యమంటాను. ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా తిరగాలో చెప్పేది రేంజ్. రేంజ్‌లో ఒకటి, పది అని రాస్తారు, రన్ చేస్తారు, ఎర్ర అక్షరం ఒక్కటి ఉండదు, తొమ్మిది పదమూళ్ళు నూటపదిహేడు దగ్గర ఆగిపోతుంది. నూటముప్ఫై ఏదండీ? పైథాన్‌లో రేంజ్ ఆఖరి అంకె ముందే ఆగుతుంది, పదకొండని రాస్తేనే పది వస్తుంది. ఇది నేను పాఠంగా చెప్తే ఎవడికి గుర్తుంటుంది? ఎక్కం సగంలో ఆగిపోతే మాత్రం ఆరో తరగతి పిల్ల కూడా ఊరుకోదు, ఎందుకంటే ఎక్కం దాని నోట్లో ఉంది.

మూడోది కొట్టు లెక్క. పెన్ను ధర ఎంత అని అడగాలి, మూడు పెన్నులకి ఎంతో చెప్పాలి. ఇన్‌పుట్ అని రాస్తారు, వచ్చినదాన్ని ఇంటూ మూడు అంటారు. ధర పన్నెండు అని కొడితే ఎంత రావాలి? ముప్ఫై ఆరు, కదా. ఎంతొచ్చిందో తెలుసా? లక్షా ఇరవై ఒక్క వేల రెండొందల పన్నెండు! గది గదంతా నవ్వు. ఒకడు, సార్, ఇది ఎయిర్‌పోర్టులో కొట్టా అన్నాడు. ఏమైందంటే కీబోర్డ్ నుంచి వచ్చేది ఏదైనా పైథాన్‌కి అక్షరాలే, అంకె కాదు. పన్నెండు అనే రాతని మూడుసార్లు పక్కపక్కన రాసిచ్చింది, పన్నెండు పన్నెండు పన్నెండు. ఇంట్ అని పెట్టి అంకెగా మార్చుకోవాలి. నవ్విన పిల్లాడు ఇంట్ మర్చిపోడండీ, నేను రాసిస్తాను కావాలంటే.

మధ్యలో నంబర్ గెస్సింగ్ ఆట ఉంటుంది, అది అన్ని చోట్లా చెప్తారు, నేను ఎక్కువసేపు ఉండను. ఒకటి నుంచి వంద లోపు కంప్యూటర్ ఒక అంకె అనుకుంటుంది, మనం చెప్పాలి, ఎక్కువా తక్కువా అని అది చెప్తుంది. సగం సగం కొట్టుకుంటూ పోతే ఏడు ప్రయత్నాల్లో దొరికి తీరాలి, ఎందుకు ఏడో ఇంటికెళ్ళి ఆలోచించండి. ముగ్గులు కూడా అంతే, పైథాన్‌లో టర్టిల్ అని తాబేలు ఉంటుంది, 1967లో పిల్లల కోసం చేసిన లోగో అనే లాంగ్వేజ్ వాళ్ళ ఆలోచన అది, ముందుకెళ్ళు, తిరుగు అంటే గీత గీస్తూ పోతుంది. ఎనిమిదో తరగతి అమ్మాయి త్రిభుజం గీద్దామని మూడుసార్లు అరవై డిగ్రీలు తిప్పింది. త్రిభుజం మూసుకోలేదు, నోరు తెరుచుకుని ఉండిపోయింది. నూటఇరవై తిప్పాలి, తాబేలు తిరిగేది బయటి కోణం కాబట్టి. లెక్కల మాస్టారు నవ్వుతున్నారు చూడండి, అది ఆయన పాఠమే.

నాలుగోది కరెంటు బిల్లు. ఇంట్లోంచి పాత బిల్లు తెచ్చుకోమంటాను. స్లాబులుంటాయి కదా. లెక్క తేలిగ్గా ఉండటానికి నేను ఉత్తుత్తి రేట్లు ఇస్తాను, మొదటి వంద యూనిట్లకి రెండు రూపాయలు, ఆ పైన నాలుగు అనుకుందాం. అందరూ రాసేది ఏంటంటే, యూనిట్లు వంద దాటితే మొత్తం ఇంటూ నాలుగు. వంద యూనిట్లకి రెండొందలు వస్తుంది, నూట ఒక్క యూనిట్‌కి నాలుగొందల నాలుగు! ఒక్క యూనిట్ ఎక్కువ కాల్చినందుకు రెండొందల నాలుగు రూపాయలు! ఏ ఇల్లాలు ఊరుకుంటుందండీ? సరైంది రెండొందల నాలుగు, ఎక్కువ రేటు ఆ ఒక్క యూనిట్‌కే. ఇక్కడ పిల్లలు నేర్చుకునేది ఇఫ్, ఎల్స్, అంటే ఇలాగైతే ఇది, లేకపోతే అది అని రాయడం మాత్రమే కాదు, గట్టు మీద ఉన్న అంకెల్ని పెట్టి చూడటం. 100, 101, సున్నా. యాభై పెట్టి చూసి వచ్చేసింది సార్ అన్నవాడికి ఏమీ రాలేదన్నమాట.

ఇప్పుడు అష్టాచెమ్మా. దీని దగ్గర కొంచెంసేపు ఉంటాను, నాకు ఇష్టమైంది.

ఎంతమందికి వచ్చు? చేతులెత్తండి. బామ్మలందరూ ఎత్తారు, అమ్మల్లో సగం. పిల్లలు నలుగురు. ఫర్లేదు, ఆ నలుగురే చాలు. నాలుగు గవ్వలు. వేస్తే వెల్లకిలా పడ్డవి ఎన్నో అన్ని గళ్ళు, ఒకటి, రెండు, మూడు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. అంటే పడేవి ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఎనిమిది, అంతే కదా?

నేను అంతవరకే చెప్పి గవ్వలు వేసే ఫంక్షన్, అంటే ఆ ఒక్క పని చేసే ప్రోగ్రాం ముక్క, రాయమన్నాను. ఏడో తరగతి కుర్రాడొకడు అందరికంటే ముందు రాసేశాడు. ఒక లిస్ట్, అందులో ఆ ఐదు అంకెలు, ర్యాండమ్ చాయిస్ అంటే వాటిలోంచి గుడ్డిగా ఒకటి తియ్యడం, ఒక్క లైన్. ఎర్రర్ లేదు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. నిజం చెప్పొద్దూ, నేనూ శభాష్ అనబోయాను.

పక్కన కూర్చున్న అమ్మాయి, వాళ్ళ నాయనమ్మతో రోజూ ఆడుతుందట, ఐదారుసార్లు ఎంటర్ కొట్టి చూసి, ఏంటిది, ఇన్ని అష్టాలు ఎక్కడ పడతాయి అంది. మా నాయనమ్మ అయితే అష్టా పడాలని గవ్వల్ని గుప్పెట్లో పెట్టుకుని ఊది ఊది వేస్తుంది, అయినా పడి చావదు, ఇక్కడేంటి మాటిమాటికీ పడుతోంది అంది.

చూశారా? ఆ పిల్లకి ప్రాబబిలిటీ అన్న మాట తెలీదు. కానీ అష్టా అరుదని చేతికి తెలుసు. ఆ కుర్రాడి లైన్‌లో ఐదింటికీ సమానంగా వాటా ఉంది, ఐదుసార్లు వేస్తే ఒకసారి అష్టా. నిజానికి ఎంతుండాలి? ఒక్కో గవ్వా రెండు రకాలుగా పడొచ్చు, నాలుగు గవ్వలంటే రెండు ఇంటూ రెండు ఇంటూ రెండు ఇంటూ రెండు, 16 రకాలు. వాటిలో అన్నీ బోర్లా పడేది ఒక్కటంటే ఒక్కటి. రెండు పడేవేమో ఆరున్నాయి. కాబట్టి లిస్ట్‌లోంచి అంకె తియ్యకూడదు, గవ్వ గవ్వకీ విడిగా వెయ్యాలి, నాలుగుసార్లు తిరిగే లూప్, ఒక్కోసారి సున్నానో ఒకటో, అన్నీ కలిపి, కూడిక సున్నా వస్తే దాన్ని ఎనిమిది చెయ్యాలి. ఐదారు లైన్లైంది. ఇప్పుడు వెయ్యి సార్లు తిప్పి ఏది ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టే డిక్షనరీ, అంటే ప్రతి అంకె పక్కన దాని లెక్క ఉంచే పట్టిక, రాశారు. డిక్షనరీ ఎందుకు నేర్చుకోవాలి సార్ అని ఆరోజు ఒక్కడూ అడగలేదు, వాళ్ళకే కావాల్సొచ్చింది.

అక్కడితో అయిపోలేదు. ఆ అమ్మాయి మళ్ళీ ఊరుకోలేదు. పక్కవారం గుడ్డసంచిలో గవ్వలు తెచ్చింది. నేల మీద కూర్చుని వేస్తూ నోట్‌బుక్‌లో గీతలు పెట్టారు, చివరికి కంప్యూటర్ లెక్కకీ గీతలకీ పొంతన కుదర్లేదు. ఎందుకంటారు? గవ్వ నాణెం కాదు కదండీ. ఒకవైపు ఉబ్బెత్తు, ఒకవైపు బల్లపరుపు, సగం సగం పడాలని రూల్ ఏముంది? మనం సగం సగం అని అనుకున్నాం, ఆ అనుకోలు తప్పు. అప్పుడు ప్రోగ్రాంలో సున్నాకీ ఒకటికీ సమానంగా ఇవ్వకుండా తమ గీతల్లో వచ్చిన నిష్పత్తి పెట్టారు. పెద్ద పెద్ద చోట్ల మోడల్ అని దీన్నే అంటారు. మా వాళ్ళు గవ్వల సర్దుబాటు అంటారు.

అన్నట్టు ఇక్కడ ఒకావిడ చీటీ పంపారు. మా ఇంట్లో కంప్యూటర్ లేదు, ఫోనే ఉంది, కుదురుతుందా అని. కుదురుతుందమ్మా. ఆండ్రాయిడ్ ఫోన్లో పైడ్రాయిడ్ అని యాప్ ఉంటుంది, మా పిల్లల్లో చాలామంది మొదలుపెట్టింది దాంట్లోనే. లోపలికి జరపడం, కోలన్లు, బ్రాకెట్లు ఫోన్ కీబోర్డ్ మీద కొంచెం చిరాకు పెడతాయి, చిన్న ప్రోగ్రాములకి చాలు. వాట్సాప్‌లో వచ్చిన కోడ్ అతికించొద్దు, కోట్ గుర్తులు వంకర తిరిగిపోయి ఉంటాయి, పైథాన్‌కి నచ్చవు.

ఆ తర్వాత మార్కుల రిజిస్టర్, ఫైల్లో దాచుకోవడం. ఇందులో నాకు రెండు దెబ్బలు గుర్తున్నాయి. ఒకటి, ఒకమ్మాయి ముప్ఫై మంది మార్కులు కష్టపడి కొట్టింది, మర్నాడు ఇంకొకరి మార్కులు చేర్చడానికి ప్రోగ్రాం నడిపింది, ఫైల్లో ఆ ఒక్కరే మిగిలారు. ఫైల్‌ని డబ్ల్యూ అని తెరిస్తే పాతది తుడిచేసి కొత్తగా రాస్తుంది, ఏ అని తెరిస్తే చివర చేరుస్తుంది. ఒక్క అక్షరం తేడా. ఏడ్చింది పాపం, నేనూ ముందే చెప్పి ఉండాల్సింది, నాదే తప్పు. రెండోది, ముప్ఫై అయిదు కంటే తక్కువొస్తే ఫెయిల్ అని రాశారు, హిందీలో ఇరవై రెండొచ్చిన పిల్లాణ్ణి ఫెయిల్ చేసేసింది. వాడు ఊరుకుంటాడా? సార్, పదో తరగతిలో సెకండ్ లాంగ్వేజ్ హిందీకి ఇరవయ్యే సార్ అన్నాడు. చూడండి, ఎవడి ప్రాణం మీదకి వస్తే వాడే ప్రోగ్రాంని బాగా పరీక్షిస్తాడు. పేర్లు తెలుగులో రాసుకునేవాళ్ళు ఫైల్ తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్ 8 అని, అంటే అక్షరాల్ని ఫైల్లో దాచే పద్ధతి పేరు, పెట్టుకోండి, విండోస్‌లో అది పెట్టకపోతే చాలాసార్లు తెలుగు అక్షరం దగ్గర ఆగిపోతుంది.

సరే, ఇప్పుడు వికటకవి. దీనికోసమే కదా వచ్చారు, పోస్టర్ మీద అదే రాశారు.

వికటకవి, ముందునుంచి చదివినా వెనకనుంచి చదివినా ఒకటే, తెనాలి రామకృష్ణుడి పేరు చెప్తే ప్రతి తెలుగు పిల్లాడికీ తెలిసిన ముచ్చట. పైథాన్‌లో ఒక మాటని తిప్పి రాయడం చాలా తేలిక, చదరపు బ్రాకెట్లో రెండు కోలన్లు, మైనస్ ఒకటి, అంతే. తిప్పినదీ అసలుదీ సమానమా అని అడగాలి. పిల్లలు ముందు నటన అని ఇచ్చారు. ట్రూ. జలజ. ట్రూ. సరస. ట్రూ. నల్లన. ట్రూ. అయిపోయింది సార్, ఇది మరీ సులువు అన్నారు. వికటకవి ఇవ్వండిరా అన్నాను.

ఫాల్స్.

ఒకడు స్పెల్లింగ్ తప్పు కొట్టాననుకుని మళ్ళీ కొట్టాడు. ఫాల్స్. ఇంకొకడు కంప్యూటర్ మార్చాడు. ఫాల్స్. రామకృష్ణుడికే ఎసరు పెట్టిందేంట్రా ఇది! ఏమైందో మీరెవరైనా చెప్పగలరా? ...పొడుగు ఎంతో అడగండిరా అన్నాను. లెన్ అని అడిగారు. వికటకవికి ఎన్ని అక్షరాలు? ఐదు. పైథాన్ ఏడు అంది. తెలుగు అన్న మాటకి? మనకి మూడు. దానికి ఆరు.

కంప్యూటర్ లోపల తెలుగు ఎలా దాచుకుంటుందంటే, యూనికోడ్ అని అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చిన పట్టిక ఉంది, యూనికోడ్‌లో వి అనేది ఒక అక్షరం కాదు, వ ఒకటి, దాని మీద గుడి ఇంకొకటి. రెండూ రెండు గళ్ళలో ఉంటాయి. తిప్పి రాస్తే ఏమవుతుంది? గుడి ముందుకొస్తుంది, వ వెనక పడుతుంది. మొదట్లో ఆసరా లేకుండా గుడి ఒక్కటే వేలాడుతుంది, రెండో గుడేమో వెళ్ళి క నెత్తిన కూర్చుంటుంది. నటనలో, జలజలో గుళ్ళూ కొమ్ములూ లేవు కాబట్టి బతికిపోయాయి. తలకట్టు మాటలతో మాత్రమే పరీక్షించి సులువు అనుకున్నారన్నమాట.

మరి ఎలా బాగుచెయ్యాలి? పలకా బలపం తీసుకున్నాం, నిజంగానే, బోర్డు లేదు. ఒక ఖాళీ లిస్ట్. ఒక్కో గుర్తూ తీసుకో. అది గుణింతం గుర్తయితే, అంటే దీర్ఘం, గుడి, కొమ్ము, సున్నా, పొల్లు, ఇలాంటిదైతే, లిస్ట్‌లో ఆఖరున ఉన్నదానికి తగిలించు. కాకపోతే కొత్తగా చేర్చు. అంతే. వికటకవి ఇస్తే వి, క, ట, క, వి, ఐదు ముక్కలొచ్చాయి. లిస్ట్ తిప్పి చూస్తే ట్రూ! ఆరోజు అరిచిన అరుపులకి లైబ్రేరియన్ గారు లోపలికొచ్చి చూశారు, గుర్తుందా సార్?

ఆ సంబరంలో నేను, పాతవి కూడా మళ్ళీ ఒకసారి చూడండిరా అన్నాను. నటన ట్రూ, జలజ ట్రూ, నల్లన... ఫాల్స్! ఇందాక ట్రూ అన్నది ఇప్పుడు ఫాల్స్ అయింది. ఒకటి కుడితే ఇంకోటి చిరిగింది. ఎందుకూ? ల్ల అంటే లోపల మూడు గళ్ళు, ల, పొల్లు, ల. మొదట్లో ఎటు తిప్పినా ల, పొల్లు, ల అలాగే ఉంది కాబట్టి అదృష్టం కొద్దీ ట్రూ వచ్చింది. ఇప్పుడు మనం పొల్లుని ముందు ల కి తగిలించాం, రెండో ల విడిగా పోయింది, తిప్పితే తేడా వచ్చింది. అంటే ఇందాకటి ట్రూ కూడా సరైన కారణానికి వచ్చింది కాదు! అప్పుడు ఇంకో రూల్ చేర్చాలి, ఆఖరి ముక్క పొల్లుతో ముగిసి ఉంటే, వచ్చేది హల్లు అయినా సరే దానికే తగిలించు, అదే ఒత్తు. న, ల్ల, న. ట్రూ.

నేను ఉద్యోగంలో ఏళ్ళ తరబడి చేసింది ఇదే పనండీ, కొత్తది బాగుచేశాక పాతవన్నీ మళ్ళీ నడిపి చూడటం. అక్కడ దానికి పెద్ద పేరు, విడిగా టీమ్, మీటింగులు. ఇక్కడ నల్లన అనే ఒక్క మాట చేసిపెట్టింది.

ఆ నాన్నగారు ఇందాకట్నుంచి చెయ్యెత్తుతున్నారు, అడగండి... చాట్‌జీపీటీని అడిగితే ఇదంతా రాసిచ్చేస్తుంది కదా అంటున్నారు. రాసిస్తుందండీ, బాగానే రాసిస్తుంది. అష్టాచెమ్మా రాయమంటే అదీ రాసిస్తుంది. అందులో అష్టాలు ఎక్కువ పడుతున్నాయా లేదా అని ఎవరు చూస్తారు? ఆ అమ్మాయి చూస్తుంది, వాళ్ళ నాయనమ్మ చూస్తుంది. మీ వాడు చూడగలడా అన్నదే నేను అడిగేది. పెద్ద పిల్లలకి నేనే చెప్తాను, దాన్ని అడగండి, అడిగి అది ఇచ్చినదాంట్లో తప్పు పట్టుకురండి అని. తప్పు పట్టుకొచ్చిన వాళ్ళకి జీడి ఇస్తాను.

టైమ్ అయిపోయిందంటున్నారు. పిల్లలూ, ఇంటికి పని. వికటకవి ప్రోగ్రాంకి కునుకు, పులుపు, మిసిమి, సమాస, ఇవన్నీ ఇచ్చి చూడండి, ట్రూ రావాలి. కిటికీ ఇవ్వండి. కిటికీకి ఏం రావాలో ముందు కాగితం మీద రాసుకుని అప్పుడు రన్ చెయ్యండి, ఊరికే నోటితో అంటే చాలామంది పప్పులో కాలేస్తారు, చివర దీర్ఘం చూసుకోరు. మా దగ్గర ఒకడు ప్రోగ్రామే తప్పని అరగంట నాతో వాదించాడు. ఆఖరికి వాళ్ళమ్మ పలక మీద రాయించింది.

ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి, వెనక గది. చెప్పులు బయట విడవండి. ఇంట్లో గవ్వలుంటే తెచ్చుకోండమ్మా, మా నాలుగింట్లో ఒకటి ఎక్కడో పోయింది, మూడు గవ్వలతో ఆడుతుంటే అష్టా ఎలా పడాలో ప్రోగ్రాంలో ఎవరికీ తెగట్లేదు.